నేల ఎవరిది, ఒళ్లు ఎవరిది: బళేపేట మీదుగా ఒక సింహావలోకనం

బెంగళూరులో మెజస్టిక్ బస్టాండు నుంచి చిక్‌పేటకు నడిచి వెళ్లేవాళ్లకు దారిలో బళేపేట తగులుతుంది. గాజుల వ్యాపారంతో పేరు తెచ్చుకున్న పేట అది. ఇప్పుడక్కడ వీణలు, మృదంగాలు, హార్మోనియంలు అమ్మే దుకాణాలూ ఉన్నాయి. ఒకే గల్లాపెట్టె ముందు కన్నడం, తెలుగు, తమిళం, హిందీ వినబడతాయి. ఆ పేటలో ఒక చిన్న కొట్టు జాగా ఎవరిదని అడిగితే, గడిచిన ఐదువందల ఏళ్లలో జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఒకప్పుడు పాలెగాడిది, తర్వాత సుల్తానుది, ఆపైన జాగీర్దారుది, మహారాజుది. చిట్టచివరికి, అదీ సవాలక్ష షరతులతో, అందులో కూర్చున్నవాడిది.

ఆ ప్రశ్న వెంటే మరో ప్రశ్న ఉంది. ఆ కొట్లో కూర్చున్న మనిషి ఎవరి సొత్తు? అతని ఒంటి మీద, కష్టం మీద, గుట్టు మీద ఎవరికి అధికారం? లిబర్టేరియన్లు అనే స్వేచ్ఛావాదులు ఈ రెండో ప్రశ్నతో మొదలుపెట్టి మొదటిదానికి వస్తారు. మనిషి తనకు తానే యజమాని, కాబట్టి అతని కష్టఫలం అతనిదే, ఆ ఫలంతో సంపాదించిన ఆస్తీ అతనిదే అన్నది వాళ్ల వాదన. మన దగ్గర మాత్రం ఈ రెంటినీ విడదీసి చూశారు. శిస్తులు, పట్టాల కథ రెవెన్యూ చరిత్రకు పోయింది. వెట్టి, హింస, పౌరహక్కుల కథ ఉద్యమ చరిత్రకు పోయింది. రెంటినీ ఒకచోట పెట్టి వెనక్కి చూస్తే తెలుగు నేల మీద ఆస్తి హక్కు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కూలిందో స్పష్టంగా కనిపిస్తుంది.

ఊరినే అమ్మిన రోజులు

విజయనగరానికి సామంతుడైన యలహంక ప్రభువు కెంపేగౌడ 1537లో బెంగళూరుకు మట్టికోట కట్టి, వృత్తుల వారీగా పేటలు ఏర్పరిచాడు. ఆయన పేరు మీద ‘గంగాగౌరీవిలాసం’ అనే తెలుగు యక్షగానం కూడా ఉంది. ఆ తర్వాత ఊరు చేతులు మారడం మొదలైంది. 1638లో బిజాపూరు సేనాని రణదుల్లా ఖాన్ గెలుచుకుంటే అది షాజీ భోంస్లేకు జాగీరైంది. 1687లో మొగలు సేనాని ఖాసిం ఖాన్ పట్టుకున్నాడు. కొద్దికాలానికే, మూడు లక్షల రూపాయలకని చరిత్రకారులు చెప్పే బేరంలో, అది మైసూరు చిక్కదేవరాజ ఒడెయరు చేతికి వచ్చింది. 1759లో మళ్లీ జాగీరుగా హైదర్ అలీకి దక్కింది.

ఊరితోపాటు ఇళ్లు, కొట్లు, సంతలు, సుంకాలు అన్నీ బదిలీ అయ్యాయి. బళేపేట వర్తకుణ్ణి ఎవరూ సంప్రదించలేదు. అంతమాత్రాన కింద హక్కులే లేవనుకోవడం పొరపాటు. ఇనాములు, మాన్యాలు, సాగు హక్కులు, గ్రామ వృత్తులకు ఇచ్చిన భూములు ఉండేవి. ఒకే చెక్క మీద రాజుకు భాగం, గుడికి భాగం, కరణానికి భాగం, దున్నేవాడికి భాగం. హక్కులు చాలానే ఉన్నాయి కానీ, పైవాడు కాదంటే అడ్డుకునే బలం వాటిలో దేనికీ లేదు.

మూడు లక్షల బేరం నడిచిన ఆ సంవత్సరాల్లోనే, 1689లో, లండన్‌లో జాన్ లాక్ తన పేరు వేసుకోకుండా ప్రభుత్వం మీద రెండు వ్యాసాలు అచ్చు వేయించాడు. ప్రతి మనిషికీ తన దేహం మీద సొంత హక్కు ఉంది, ఆ దేహపు శ్రమను ఎవరికీ చెందని నేలతో కలిపినప్పుడు ఆ నేల అతనిదవుతుంది అన్నాడు. అయితే ఇతరులకు కూడా తగినంత, అంతే మంచిది మిగలాలని షరతు పెట్టాడు. అదే లాక్ ఆఫ్రికా బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాదారు కూడా. ఈ సిద్ధాంతం పుట్టుకలోనే అలాంటి మచ్చ ఉంది.

లాక్ వారసులు దేహం విషయంలో ఒక్క మాట మీద ఉన్నారు. నేల దగ్గరికి వచ్చేసరికి చీలిపోయారు. హెర్బర్ట్ స్పెన్సర్ 1851లో భూమిని ఎవరూ సొంతం చేసుకోకూడదని రాసి, ముసలితనంలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అమెరికాలో హెన్రీ జార్జ్ 1879లో మరో దారి చూపాడు: కష్టార్జితం మీద పన్ను వద్దు, నేల విలువ మాత్రం సమాజానిది కనుక దాని మీదే పన్ను వేయాలి. ఇరవయ్యో శతాబ్దంలో ముర్రే రాత్‌బార్డ్ మొదట సాగు చేసినవాడిదే నేల అని గట్టిగా నిలబడ్డాడు. రాబర్ట్ నోజిక్ 1974లో ఆస్తికి మూడు పరీక్షలు పెట్టాడు: మొదట న్యాయంగా పొందారా, న్యాయంగా చేతులు మారిందా, అన్యాయం జరిగి ఉంటే దిద్దారా? ఈ మూడో పరీక్షే మన దేశంలో అసలు ప్రశ్న. అయినా అన్నిటికన్నా తక్కువగా చర్చించిందీ దాన్నే.

పట్టా వచ్చింది, ఒళ్లు రాలేదు

వ్యక్తికి నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతి బెంగళూరుకు పొరుగునే రూపు దిద్దుకుంది. 1792లో టిప్పు సుల్తాను వదులుకున్న బారామహల్‌లో, అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతంలో, అలెగ్జాండర్ రీడ్, అతని కింద పనిచేసిన థామస్ మన్రో దీన్ని అమలు చేశారు. 1800లో నిజాం కుంపిణీకి దత్తం చేసిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలకు మన్రోయే కలెక్టరై వచ్చి 1807 దాకా ఉన్నాడు. మధ్యవర్తి లేకుండా ప్రతి రైతుతో సర్కారు నేరుగా లెక్క చూసుకోవడం ఆ పద్ధతి ప్రాణం. అదే సమయంలో ఉత్తర సర్కారుల్లో 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం జమీందారుకు యాజమాన్యం రాసిచ్చింది. ఇలా తెలుగు నేల మీద ఒకే దొరతనం కింద రెండు రకాల సొంతదారులు పుట్టారు.

మన్రోను రాయలసీమ ఇప్పటికీ మంచిగా తలుచుకుంటుంది. సీమలో శిస్తు నాలుగో వంతు తగ్గించాలని ఆయన సిఫారసు చేశాడు. 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. అయితే ఆయన పద్ధతిలో ఒక లోటు మిగిలిపోయింది. రైతు చేతిలో పట్టా ఉంది, శిస్తు రేటు మాత్రం సర్కారు చేతిలో ఉంది. పంట పోయినా శిస్తు పోదు. కట్టలేనివాడి సంగతి ఏమిటి?

జవాబు 1855లో వచ్చింది. గాజుల లక్ష్మీనరసు శెట్టి మద్రాసులో తెలుగు వర్తకుడు. ‘క్రెసెంట్’ పత్రిక నడిపాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. శిస్తు వసూలు పేరుతో రైతుల్ని రెవెన్యూ నౌకర్లు చిత్రహింసలు పెడుతున్నారని అర్జీలు పంపాడు. 1853లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూర్ మద్రాసు వస్తే వెంటబెట్టుకుని ఊళ్లకు తీసుకెళ్లి చూపించాడు. పార్లమెంటులో చర్చ జరిగి విచారణ సంఘం ఏర్పడింది. 1855 నివేదిక ఆ ఆరోపణలు నిజమని తేల్చింది. చేతివేళ్లను చెక్కల మధ్య బిగించడం, మెడను కాళ్లకు వంచి కట్టి ఎండలో నిలబెట్టడం శిస్తు వసూలులో మామూలు పనులని బయటపడింది.

పట్టా ఇచ్చిన సర్కారే పట్టాదారు వేళ్లు నలిపింది. ఒంటి మీద హక్కు లేని మనిషికి నేల మీద హక్కు ఎంతవరకో ఆ నివేదిక లెక్క చెప్పింది. ఏ లండన్ పుస్తకం ఆసరా లేకుండానే లక్ష్మీనరసు శెట్టి రెండు ప్రశ్నల్నీ ఒకే అర్జీలో చేర్చాడు. తెలుగువాళ్లలో ఈ చర్చకు ఆద్యుణ్ణి వెతికితే ఆయన పేరే ముందు చెప్పాలి.

బళేపేట వంతు 1898లో వచ్చింది. ఆ ఏడు బెంగళూరులో ప్లేగు పడింది. ఇరుకు పేటల్లో ఇల్లిల్లూ సోదా చేశారు, జనాన్ని శిబిరాలకు తరలించారు, ఇళ్లు కూల్చి సందులు తెరిచారు. బసవనగుడి, మల్లేశ్వరం విస్తరణలు ఊపందుకున్నది ఆ తర్వాతే. అంటువ్యాధిని ఆపడానికి పక్కవాడి గోడ కూల్చవచ్చా? స్వేచ్ఛావాదం తడబడే చోటు ఇది. నా ఇల్లు నాదే, నా ఇంటి ఎలుక మాత్రం ఊరందరిదీ.

తెలుగు నేల మీద లాక్ వాదన

జమీందారీ ప్రాంతాల్లో లాక్ వాదనను రైతులే అందుకున్నారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులు అధ్యక్షతన వేసిన సంఘం మరుసటేడు నివేదిక ఇచ్చింది. నేలకు అసలు సొంతదారు రైతు, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమే అన్నది దాని సారం. అదే కాలంలో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా యాత్ర నడిచారు. ఆ ఉద్యమానికి ముందున్నవారు నిడుబ్రోలు నుంచి వచ్చి ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివిన ఎన్.జి. రంగా. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది.

నిజాం ఇలాకాలో కథ ఇంకా చేదైనది. అక్కడ దేశ్‌ముఖ్ గడీకి నేలతోపాటు మనుషుల పొద్దూ కావాలి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ కూలి లేకుండా వెట్టి చెయ్యాలి. తరాలు మారినా తీరని అప్పుకు భగేలాలుగా పనిచేసినవాళ్లున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని వస్తే, కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంఘం బలంతో ఆమె నిలబడి గింజ పోనివ్వలేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు.

అక్కడి నుంచి ఎగసిన తెలంగాణ సాయుధ పోరాటం కమ్యూనిస్టులది. వాళ్ల అంతిమ లక్ష్యం ఆస్తి హక్కును నిలబెట్టడం కాదు. అయినా ఐలమ్మ వాదంలో ఉన్నది మాత్రం అచ్చమైన స్వేచ్ఛావాదమే: చేతులు నావి, చెమట నాది, కాబట్టి గింజలు నావి. ఆస్తి హక్కు అంటే ఉన్నవాడి కోటగోడ అనుకునేవాళ్లు ఆమెను గుర్తు చేసుకోవాలి. ఆ హక్కు గట్టిగా ఉంటే గడీ అన్నది ఉండేదే కాదు.

1951 ఏప్రిల్ 18న అదే నల్లగొండ సీమలో పోచంపల్లిలో మూడో దారి తెరుచుకుంది. దళితులు ఎనభై ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. తుపాకీ, చట్టం రెండూ లేకుండా నేల చేతులు మారగలదని భూదానోద్యమం చూపింది. దానం మీద ఆధారపడ్డ న్యాయం ఎంతదూరం పోతుందన్నదీ తర్వాతి ఏళ్లలో అదే చూపింది. దానమిచ్చిన భూముల్లో చాలావాటి పంపకం తేలకుండా ఏళ్ల తరబడి నలిగింది.

నాగపూర్ తీర్మానం, రంగా జవాబు

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యానికి తీర్మానం చేసింది. జమీందారు నుంచి విడిపించుకున్న చెక్కను మళ్లీ ఉమ్మడి కుప్పలో వెయ్యమనడం రంగాకు మింగుడుపడలేదు. ఆ ఏడే రాజాజీ, మీనూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి, దానికి తొలి అధ్యక్షుడయ్యారు. జమీందారుకు ఎదురు తిరిగిన రంగాయే సర్కారు సేద్యానికీ ఎదురు తిరగడాన్ని అప్పటివాళ్లు ప్లేటు ఫిరాయించడమన్నారు. నిజానికి అది రెండు చోట్లా ఒకే సూత్రం. దున్నేవాడికీ అతని నేలకూ మధ్య గడీ ఉండకూడదు, దస్త్రమూ ఉండకూడదు.

ఆ భావాలకు పత్రికలూ తోడు నిలిచాయి. ఖాసా సుబ్బారావు 1956లో మద్రాసులో మొదలుపెట్టిన ‘స్వరాజ్య’ రాజాజీ వేదికైంది. బొంబాయిలో ఆర్.బి. లోట్వాలా ‘ఇండియన్ లిబర్టేరియన్’ నడిపించారు. 1920ల్లో కమ్యూనిస్టు డాంగేకు డబ్బిచ్చి మార్క్సు పుస్తకాలు తెప్పించిన మనిషి చివరికి అక్కడ తేలారు.

1967లో స్వతంత్ర పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. 1974లో పార్టీయే మరొకదాంట్లో కలిసిపోయింది. రంగా తిరిగి కాంగ్రెస్‌కే వెళ్లారు. మాజీ సంస్థానాధీశులనూ పెద్ద భూస్వాములనూ పక్కన కూర్చోబెట్టుకుని చిన్న రైతు తరఫున మాట్లాడటం ఆ పార్టీకి పెద్ద బలహీనత. నాగపూర్ తీర్మానం మాత్రం అమలుకు నోచుకోలేదు. ఓడిన పార్టీకి దక్కిన గెలుపు అది.

రాజమండ్రి న్యాయమూర్తి

రెండు ప్రశ్నల్నీ న్యాయశాస్త్రంలో కలిపిన ఘనత కోకా సుబ్బారావుది. రాజమండ్రిలో పుట్టి, గుంటూరులో ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1962లో ఖరక్ సింగ్ కేసులో పోలీసుల నిఘా ప్రశ్న వచ్చింది. అర్ధరాత్రి ఇంటి తలుపు తట్టడం తప్పని మెజారిటీ ఒప్పుకుంది, మనిషి వెనక నీడలా తిరిగే నిఘాను మాత్రం వదిలేసింది. సుబ్బారావు ఒప్పుకోలేదు. గోప్యత లేనిదే వ్యక్తి స్వేచ్ఛ లేదని వేరు తీర్పు రాశారు.

ఐదేళ్ల తర్వాత, 1967 ఫిబ్రవరి 27న, గోలక్‌నాథ్ కేసులో ప్రధాన న్యాయమూర్తిగా తీర్పు చెప్పారు. పంజాబులో ఒక కుటుంబం భూపరిమితి చట్టాన్ని సవాలు చేసింది. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కుదించలేదని 6–5 మెజారిటీ తేల్చింది. అయితే ఈ సూత్రం ముందు కాలానికే వర్తిస్తుందన్నారు కనుక వాదన గెలిచిన కుటుంబానికి ఆ నేల దక్కలేదు. ఏప్రిల్‌లో పదవి వదిలి సుబ్బారావు రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్ష అభ్యర్థిగా నిలబడి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. న్యాయస్థానం నుంచి నేరుగా బరిలోకి దిగడం సరికాదన్న విమర్శలో న్యాయముంది.

ఆస్తి తీర్పు నిలవలేదు. 1973లో కేశవానంద భారతి కేసు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చింది. 1978లో 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసి 300ఎ అధికరణానికి పంపింది. నిఘా తీర్పు మాత్రం నిలిచింది. దాన్ని నిలబెట్టినవాడు బెంగళూరువాడు కావడం విశేషం. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఎనభై ఆరేళ్ల వయసులో, 2012లో, ఆధార్‌ను సవాలు చేశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. వారిలో ఒకరైన జస్టిస్ నారిమన్, సుబ్బారావు 1962 తీర్పును సుప్రీంకోర్టు చరిత్రలోని మూడు గొప్ప అసమ్మతి తీర్పుల్లో ఒకటిగా లెక్కపెట్టారు.

లెక్క తేలనివి

స్వేచ్ఛావాదం మన దగ్గర బోర్లాపడే చోట్లు నాలుగున్నాయి.

మొదటిది, మొట్టమొదటి సొంతదారు ఎవరన్న ప్రశ్న. తరాల తరబడి దున్నినవాడికి కులం పేరు చెప్పి నేల మీద హక్కే లేకుండా చేసిన ఊళ్లలో, ఇప్పుడున్న పట్టాలన్నీ పవిత్రమని అనడం లాక్‌కు కూడా ద్రోహమే. నోజిక్ మూడో పరీక్షను పక్కన పెట్టి మిగిలిన రెండూ పాసయ్యామనుకోవడం అది.

రెండోది, పేదవాడికి ఇచ్చిన నేల. 1977 చట్టం అసైన్డ్ భూమిని అమ్మనివ్వలేదు. గిరిజన ప్రాంతాల్లో 1/70 చట్టం నేల గిరిజనేతరుడి చేతికి పోకుండా కాపాడుతుంది. 1997 సమతా తీర్పు గనుల విషయంలో సర్కారునూ అదే గీత దగ్గర ఆపింది. అమ్మలేని ఆస్తి సగం ఆస్తే. అయితే ఆ అడ్డు లేకపోతే అరకు, పాడేరుల్లో గిరిజనుడికి ఆ సగమైనా మిగిలేదా?

మూడోది, ఇంట్లో ఆడపిల్ల. తెలుగు నేల దీన్ని ముందే పట్టుకుంది. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతురికీ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. కర్ణాటకకు అది 1994లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. లక్షల మంది మనుషులకు సొంత ఆస్తి తెచ్చిన ఈ మార్పును స్వేచ్ఛావాదులు తమ విజయంగా ఎన్నడూ చెప్పుకోలేదు. అది వాళ్ల లోపమే.

నాలుగోది, ఎవరిదీ కానిది. బళేపేట పక్కనే కెంపేగౌడ నాటి ధర్మాంబుధి చెరువు ఉండేది. కుళాయి నీళ్లు వచ్చాక అది పట్టించుకునేవాడు లేక ఎండిపోయింది. ఇప్పుడు అక్కడ మెజస్టిక్ బస్టాండు ఉంది. పట్టా లేని నీటికి వకాల్తా పుచ్చుకునేవాడు లేకపోయాడు.

ఇప్పటి సంగతి

ఆస్తి ప్రాథమిక హక్కు కాకపోయినా దానికి ప్రాణం పోలేదు. బెంగళూరు కనకపుర రోడ్డులో చిత్రకారుడు స్వెతస్లావ్ రోరిక్, వాల్తేరులో పుట్టిన నటి దేవికా రాణి దంపతుల తోట ఉంది, 468 ఎకరాలు. దాన్ని కర్ణాటక 1996 చట్టంతో తీసుకుంది. 2011లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, ప్రజా ప్రయోజనం, పరిహారం లేకుండా ఎవరి ఆస్తీ తీసుకోరాదని 300ఎ నుంచే అర్థం తీసింది. 2024 నవంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంలో మెజారిటీ, ప్రైవేటు ఆస్తి అంతటినీ సమాజ వనరుగా లెక్కకట్టలేమని చెప్పింది.

కోర్టుల్లో హక్కు కొంత కోలుకుంటుంటే, దస్త్రాల్లో కొత్త గొడవ మొదలైంది. తెలంగాణలో 2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చింది. తప్పు పడితే దిద్దించుకునే దారి దొరక్క రైతులు అల్లాడారు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆంధ్రలో భూమి హక్కు చట్టం 2024 ఎన్నికల్నే ఊపేసి, కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. అమరావతిలో రాజధాని కోసం 2015 నుంచి రైతులు దాదాపు 33 వేల ఎకరాలు ఒప్పందం మీద ఇచ్చారు. తర్వాతి ప్రభుత్వం ఆ మాట తప్పబోతే హైకోర్టు 2022లో అడ్డుపడింది. సర్కారు చేసిన ఒప్పందమూ ఒప్పందమేనన్న పాఠం అది.

బెంగళూరులో 2024 అక్టోబరు నుంచి రిజిస్ట్రేషన్‌కు ఈ-ఖాతా, అంటే ఆస్తి డిజిటల్ ఖాతా పత్రం, తప్పనిసరి. ఈ-ఖాతా కావాలంటే యజమాని ఆధార్ ధ్రువీకరణ కావాలి. పుట్టస్వామి కోర్టుకెక్కిన విషయం, బళేపేట కొట్టు కాగితం ఇప్పుడు ఒకే తెర మీద కలిశాయి. నేల నాదని చెప్పుకోవాలంటే ముందు నేను నేనేనని సర్కారు ఒప్పుకోవాలి. ఆ తెర మీద ఒక అంకె తప్పితే రెండూ ఆగిపోతాయి.

ఈ చరిత్ర మొత్తం మీద తీర్పు చెప్పాల్సి వస్తే ఇలా చెబుతాను. మనిషి తనకు తానే యజమాని అన్న పునాది సరైనది. 1855 నివేదిక నుంచి 2017 తీర్పు దాకా మన అనుభవం దాన్ని రుజువు చేసింది. ఆ పునాది మీద ఇప్పుడున్న ప్రతి పట్టానూ నిలబెట్టడం మాత్రం తప్పు. పాత అన్యాయాన్ని దిద్దే ఓపిక లేనివాడికి ఆస్తి హక్కు గురించి మాట్లాడే అర్హత సగమే. కాబట్టి పాఠకులకు ఒక్క మనవి. మీ పహాణీనో, అడంగల్‌నో, ఖాతానో ఒకసారి తీసి చదవండి. అందులో మీ పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత మీ ఇంటి ఆడపిల్ల పేరు, మీ పొలంలో తరతరాలుగా కష్టపడినవాళ్ల పేరు ఎక్కడైనా ఉన్నాయేమో కూడా చూడండి.